పది బారల కింద తల్లిగారిల్లు

లోతు నీళ్ళకు గాలం కట్టే పని మాకు నేర్పింది సముద్రం ఎరిగిన ఒక కోస్తా కూలీ. అతను నేర్పింది మా ఆయనకు. పొయ్యి ముందు కూర్చుని ఓరకంట చూసి నేర్చుకున్నది నేను. మా ఆయన చేతులు వల విసరడానికి పుట్టిన చేతులు, సన్న ముడులకు వంగేవి కావు. ఆ మాట ఆయన ముందు అంటే రెండు రోజులు మూతి ముడుచుకునేవాడు. అందుకని అనకుండా ముడులు నేనే వేసేదాన్ని.

మాది చేపలు పట్టి బతికే కులం. నేను పుట్టిన ఇల్లూ అదే, మెట్టిన ఇల్లూ అదే. ఆనకట్ట రాక ముందు మాకు తెలిసిన నీళ్ళు మంజీర నీళ్ళు. ఎండాకాలం మోకాలి లోతు, వానాకాలం మెడ లోతు, వరద వస్తే ఒడ్డున కూర్చుని చూడటమే. నిజాంసాగర్ నిండిన తర్వాత కన్ను ఆనినంత మేర నీళ్ళే. వల వేస్తే అడుగు అందదు. మేం కోరే వాలుగలు అడుగుకు పోయి కూర్చున్నాయి. వాలుగ పొలుసు లేని చేప, నోటి నిండా పండ్లు, ముదిరితే మనిషంత పొడవు. ఎల్లారెడ్డి అంగడిలో దాన్ని నేల మీద పెడితే చాలు, జనం మూగేవాళ్ళు. అది మాకు దొరకడం మానేసింది.

"ఏటి ఒడ్డున ఉండి దూపకు సచ్చినట్టున్నది మన బతుకు" అనేవాడు మా ఆయన.

ఆ రోజుల్లోనే ఆ కోస్తా మనిషి మా ఇంటికి రాకపోకలు పెట్టుకున్నాడు. ఆనకట్ట పనికి వచ్చినవాడు, పని అయిపోయి తోటివాళ్ళంతా వెళ్ళిపోయినా ఇక్కడే ఉండిపోయాడు. సముద్రంలో ఎముకలు లేని ఒక జీవి ఉంటుందనీ, దాని కాళ్ళన్నీ తలకే మొలుస్తాయనీ, బెదిరితే సిరా కక్కుతుందనీ చెప్పాడు. దాన్ని పట్టడానికి ఎర అక్కరలేదట. సీసం కడ్డీకి కింద చుట్టూ గాలాలు కట్టి, పైన మెరిసేది ఏదైనా చుట్టి లోతుకు దించి, ఎత్తుతూ దించుతూ ఉంటే అదే చేప అనుకుని వచ్చి కౌగిలించుకుంటుందట.

"కాళ్ళు తలకు మొలుస్తయా? వీడు పొద్దుగాల్నే కల్లు తాగిండు" అంది మా అత్త.

"మీ వాలుగకైనా మెరిసేది కనబడితే ఆగుతుందేంటండీ. కట్టి చూడండి. ఎర దండగ" అన్నాడతను.

కట్టి చూశాం. పాత వల గుండ్లు ఇనుప గరిటెలో కరిగించి, తడి ఇసుకలో బొటనవేలితో గుంట చేసి అందులో పోయాలి. ఇసుకలో తడి కాస్త ఎక్కువైతే సీసం చిటపటమని పైకి ఎగురుతుంది. నా ఎడమ చేతి మీద ఆ మచ్చలు రెండు ఇంకా ఉన్నాయి. చల్లారిన కడ్డీ కింది కొసన నాలుగు గాలాలు వీపులు ఆనించి, ముళ్ళు నాలుగు దిక్కులా పైకి చూసేటట్టు మైనం పూసిన దారంతో బిగించాలి. గాలాలు కామారెడ్డి స్టేషన్ బజారు నుంచి తెచ్చుకోవాలి. ఎల్లారెడ్డిలో దొరికేవి వాలుగ ఒక్క గుంజు గుంజితే సాగి సూదులయ్యేవి. ఆ తర్వాత పాత ఇత్తడి చెంబులోంచి ఒక రేకు కత్తిరించి, చింతపండుతో తళతళలాడేదాకా తోమి, కడ్డీకి చుట్టాలి.

"పులుసుకు లేని చింతపండు గాలాలకున్నదా?" అనేది అత్త.

"పులుసుల చేప కావాల్నా వద్దా అత్తా?" అనేదాన్ని. ఆమె చింతపండు కుండను అటక మీదికి మార్చింది.

మూడు పేటల నూలు తాడు నేనే పేనేదాన్ని. తుమ్మచెక్క నీళ్ళలో ఉడికిస్తే ఎర్రబడి గట్టిపడుతుంది, నీళ్ళలో నానినా కుళ్ళదు. రెండు చేతులూ చాపితే ఒక బార. బారకొక ఎర్రగుడ్డ పీలిక కట్టేదాన్ని, ఎంత లోతుకు దిగిందో తెలియడానికి. నా చేతులు పొట్టివి కాబట్టి నా పది బారలు మా ఆయన తొమ్మిదికి కూడా సరిపోవు. ఈ విషయంలో మాకు చాలాసార్లు తగువైంది. తాడు పేనింది నేను గనక చివరికి నా బారే నిలిచింది. ఇక్కడ బార అని ఎక్కడ రాసినా అది నా బారే.

మొదటి వాలుగ పడిన రోజు మా ఆయన ఒడ్డు నుంచి ఇంటిదాకా దాన్ని భుజాన వేసుకుని, దారిలో ఉన్న ప్రతి ఇంటి ముందూ ఆగి చెప్పు సర్దుకుంటూ వచ్చాడు. ఆ రోజు ఆయన కాళ్ళకు చెప్పులే లేవు.

ఆ నీళ్ళ అడుగునే మా తల్లిగారి ఊరుంది.

నా తొలి కాన్పుకు ముందే ఊరు ఖాళీ చేయమని సర్కారు హుకుం వచ్చింది. తొలి కాన్పు తల్లిగారింట కావాలి. కానీ నాకు ఏడో నెల పడేసరికి ఆ ఇంటి వాసాలు విప్పి బండ్ల మీదికి ఎక్కిస్తున్నారు. కాన్పు సంగతి అట్లా ఉంచి, ఒక్కసారి పోయి ఇల్లు చూసి వస్తానని అడిగాను. కడుపుతో ఉన్న ఆడది ఏరు దాటకూడదంది అత్త. చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో, ఏటి మీద బతికేవాళ్ళ ఇంట్లో, ఏరు దాటకూడదట. బతిమిలాడాను, అన్నం మానేశాను. పంపలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, అత్త పోయి ఇన్నేళ్ళయినా.

మా వాళ్ళు పిట్లం దిక్కు వెళ్ళి ఇల్లు వేసుకున్నారు. అవ్వ, నన్ను కన్నతల్లి, ఆ కొత్త జాగాలో ఆరు నెలలు కూడా ఉండలేదు. జ్వరమన్నారు. వెనకటి దారి నీళ్ళ పాలైంది, చుట్టూ తిరిగి రావాలంటే రెండు రోజులు. కబురు నాకు చేరేసరికి పదో దినం కూడా అయిపోయింది. అవ్వను చివరిసారి చూసింది ఆ పాత ఇంట్లోనే. వాకిట్లో ఒక నల్లబండ ఉండేది, పక్కనే వడ్లు దంచే గుంట. ఆమె ఆ బండ మీద కూర్చుని తల దువ్వుకుంటూ, "దసరాకు మల్ల తొల్కవోను వస్తరు, పో" అని నన్ను సాగనంపింది. ఆ వాకిట్లో ఒక్కసారి నిలబడాలని నా కోరిక. అన్నం తింటున్నా అదే, తాడు పేనుతున్నా అదే. నిలబడటానికి వాకిలి ఎక్కడుంది, పైన పది బారల నీళ్ళుంటే.

ఒకనాడు తాడు ఆరేస్తుంటే మా ఆయన అడిగాడు.

"మీ ఊళ్ళె పెద్ద బాయి ఉండేది గద, రాతి కట్టుది?"

"ఉండె. మా ఇంటెనకనే."

"వాలుగలు గసొంటి సందులల్లనే ఉంటయి. అది ఏడున్నదో ఎరుకైతే మన పంట పండుతది."

"నాకెరుకే" అన్నాను. ఆయనకు కావలసింది బావి, నాకు కావలసింది బావి ముందర ఇల్లు. ఆ మాట పైకి చెప్పలేదు.

పుట్టిలో ఆడది ఎక్కడమేందని అత్త సణుగుతుంటే, చంటిదాన్ని ఆమె ఒళ్ళోనే పెట్టి వెళ్ళిపోయాను. పుట్టి అంటే గంపలాంటి గుండ్రటి పడవ, తోలు చుట్టినది. గాలి తగిలితే తిరుగుతూనే ఉంటుంది. నా గుర్తు నాకు గట్టిగా ఉంది. మా వాకిట్లో నిలబడి పొద్దు పొడిచే దిక్కు చూస్తే, దగ్గరి గుట్ట మీంచి వెనక గుట్ట తల మాత్రం, గోడ మీంచి ఎవరో తొంగి చూసినట్టు కనపడేది. నీళ్ళ మీద అటూ ఇటూ తిప్పి తిప్పి, సరిగ్గా అట్లా కనపడేచోట "గిదే" అన్నాను. తాడు కొసన సీసం గుండు దించితే పద్నాలుగు బారలకు గానీ ఆగలేదు. ఇసుక. మళ్ళీ వెతికాం. మళ్ళీ ఇసుకే. మూడు రోజులు పోయాం.

"నీ ఎరుక మన్నువడ" అన్నాడు మా ఆయన. చేపలు లేక కాదు, మూడు రోజులు నేను చెప్పినట్టు తెడ్డు వేయాల్సి వచ్చినందుకు.

చివరికి ఆయనే పిట్లం దిక్కు పోయి మా బాపును తీసుకొచ్చాడు. ఊరు మునిగిన నాటి నుంచి బాపు ఈ నీళ్ళ వైపు రాలేదు. ఏటిని కాళ్ళతో చదివిన మనిషి, అక్కడ ఎవరి చెలకలోనో కూలికి పోయేవాడు. "బిడ్డ రమ్మన్నది" అంటే లేచి వచ్చాడట.

నా గుర్తు సంగతి చెబితే బాపు నవ్వాడు.

"నువ్వు చూసింది నేల మీద నిలవడి బిడ్డా. ఇప్పుడు ఇంటి కప్పు మీద ఇంకా నాలుగు కప్పులెక్కి చూస్తున్నవు. మీదికి పోయినకొద్ది ఎనుక గుట్ట లేస్తది. గట్ల చూసుకుంట పోతే ఊరవతల వడ్తవు."

మేం ఎవ్వరం మా ఊరిని అంత ఎత్తు నుంచి ఎన్నడూ చూడలేదు. మా గుర్తులన్నీ నేలబారు గుర్తులు. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదే అని సిగ్గేసింది.

మరునాడు పొద్దెక్కాక ముగ్గురం పుట్టి ఎక్కాం. బాపు గాలాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎర ఏది?" అన్నాడు. ఎర లేదంటే, "చేపలకు గూడ బుద్ధి లేకుండ పోయింది" అన్నాడు. తర్వాత తాడు తన చేతుల్లోకి తీసుకుని, చూపుడువేలి మీద నుంచి వదలసాగాడు. గుండు అడుగు తాకిన ప్రతిసారీ కళ్ళు మూసుకునేవాడు.

"ఇసుక. ఇంకా ఏట్లనే ఉన్నం. తొయ్యి" అనేవాడు.

కాసేపటికి, "గులకరాళ్ళు. బట్టలుతికే రేవు."

గుండు పైకి లాగితే నల్లమట్టి అంటుకుని వచ్చింది. దాన్ని వేళ్ళతో నలిపి వాసన చూసి, "రేగడి" అన్నాడు. ఎవరి చేనో కూడా చెప్పాడు. మా ఆయన తెడ్డు ఆపి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. బాపు అట్లా రేవు నుంచి చేలలోకి, చేలలోంచి బండ్ల బాటకు, బాట నుంచి మా వాడకు, తాడు పట్టుకుని నడిచినట్టే వచ్చాడు. నేను ఆయన ముఖం చూస్తూ వెంట నడుస్తున్నాను.

పది బారల పీలిక నీళ్ళలో మునిగాక గుండు దేనికో తగిలింది. బాపు ఒక మూర ఎత్తి వదిలాడు. మళ్ళీ తగిలింది. చాలాసేపు కళ్ళు తెరవలేదు. తర్వాత తాడంతా పైకి లాగి మా ఆయన చేతిలో పెట్టాడు.

"గాలాలు ఇప్పు" అన్నాడు.

"ఎందుకు మామా? ఇప్పుడే కట్టినయి."

"ఇప్పు అంటున్న గద."

నేను రెండు పూటలు కూర్చుని బిగించిన గాలాలు మా ఆయన కత్తితో దారం కోసి తీసేశాడు. ఒట్టి సీసం కడ్డీ మిగిలింది. బాపు దాన్ని మెల్లగా దించి, తాడు నా చేతికిచ్చాడు.

"ఎత్తి ఇడువు. మెల్లగ."

ఎత్తి వదిలాను. టక్కుమన్నది. చెవికి వినపడలేదు, వేలికి తెలిసింది.

"మీ అవ్వ కూసునే బండ" అన్నాడు బాపు.

నేను ఏడ్చాను. మామూలుగా కాదు, పుట్టి ఊగేటట్టు ఏడ్చాను. అవ్వ చచ్చిన కబురు తెలిసిననాడు కూడా అత్త ముందు ఏడవడం ఇష్టం లేక దిగమింగుకున్నదంతా అక్కడ వెళ్ళబోసుకున్నాను. ఎత్తుతున్నాను, వదులుతున్నాను. అవ్వ ఇంటి తలుపు నేను కొడుతున్నట్టే ఉంది నాకు. ఎన్నిసార్లు కొట్టానో తెలియదు. బాపు అటు తిరిగి కూర్చున్నాడు. మా ఆయన పుట్టి తిరగకుండా తెడ్డుతో ఆపుతూనే ఉన్నాడు, పోదామని ఒక్కసారీ అనలేదు.

ఇంటెనక బావి సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. మా ఆయన రెండు గుట్టలూ ఆనకట్ట కొసా ఏ ఏ దిక్కులకున్నాయో చూసి ఆ చోటును గుర్తుపెట్టుకున్నాడు. బాపును తిరిగి దిగబెట్టి వచ్చాడు. అప్పటి నుంచి ఆ చుట్టుపక్కల గాలం వేసేవాడు కాదు. వాలుగలు అక్కడే తిరుగుతున్నాయని పక్క ఊరి వాళ్ళు చెప్పినా పుట్టిని చుట్టూ తిప్పి తీసుకుపోయేవాడు. నా తల్లిగారింటికి అంత మర్యాద ఇచ్చినందుకు ఆయన మీద నాకున్న సగం కోపాలు పోయాయి.

బతుకమ్మ పండుగకు వాడలో ఆడపిల్లలందరూ తల్లిగారిళ్ళకు పోతే, నేను పుట్టి ఎక్కి అక్కడికి పోయేదాన్ని. తంగేడు పూలు నీళ్ళలో వదిలి, ఒట్టి గుండు దించి నాలుగుసార్లు కొట్టి వచ్చేదాన్ని. నాలుగు పండుగలు అట్లా పోయాను. మధ్యలో బాపు కూడా కన్నుమూశాడు. ఈసారి కబురు మూడో రోజుకే అందింది.

తర్వాత వరసగా రెండేండ్లు వానలు లేవు. రెండో ఏడు ఎండాకాలం సాగర్ నీళ్ళు దిగి దిగి ఏటి పాయగా మిగిలాయి. మా ఊరు తేలిందని ఎవరో చెబితే, కుండ పొయ్యి మీదనే వదిలేసి బయలుదేరాను. మా ఆయన వెంట వచ్చాడు, కానీ వెనక వెనకే నడుస్తున్నాడు. పగుళ్ళిచ్చిన ఒండ్రు మీద నడుస్తూ, ఆయన చూపించిన గుట్టల గుర్తులు కలిసేచోటికి నేనే ముందు చేరాను.

అక్కడ ఒక బండ ఉంది. పక్కన దంచే గుంట లేదు. గోడ మొదలు లేదు. కూలిపోయిన ఒక మంచె గుంజలు, రెండు పొయ్యి రాళ్ళు. ఎవరో కాపలా మనిషి గుడిసె వేసుకున్న జాగా. మా ఊరు అక్కడికి రెండు కూతల దూరంలో, మా బావి రాతి కట్టుతో సహా, స్పష్టంగా కనపడుతున్నది.

వెనక్కి తిరిగి మా ఆయనను చూశాను. ఆయన నేల చూస్తున్నాడు.

"నీకెరుకేనా?"

"ఎరుకే" అన్నాడు. "దిగవెట్టవోయిన నాడు తొవ్వల చెప్పిండు మామ. 'బాట దాంక చెయ్యికి తెల్సింది అల్లుడా, ఆడికెల్లి ఏం తెల్వలే. ఇల్లు దొరకలే. గా పిల్ల మొఖం చూడలేక ఏదో బండను చూపిన. చెప్పకు' అన్నడు."

"మరి గాలాలెందుకు ఇప్పిచ్చిండు?"

"నేను గూడ అడిగిన. 'కింద ఎవల ఇల్లున్నదో ఏమెరుక' అన్నడు."

"నువ్వెందుకు సుట్టు తిరిగి పోయినవు ఇన్నేండ్లు?"

"నువ్వు ఒడ్డు మీదికెల్లి చూస్తుంటివి గద" అన్నాడు.

ఇద్దరినీ తిట్టాను. చచ్చినవాడిని ఎక్కువ తిట్టాను. తన ఇంటిని తానే వెతుక్కోలేక, ఆ మాట పైకి చెప్పలేక, నాకు మాత్రం దొరికిందని చెప్పి అటు తిరిగి కూర్చున్న ఆ మనిషి వీపు గుర్తొచ్చేదాకా తిట్టాను.

ఊళ్ళోకి నడిచాం. బావిలో మిగిలిన నీళ్ళలో వాలుగలు కొట్టుకుంటున్నాయనీ, చేతులతో పట్టుకోవచ్చనీ జనం కేకలు వేస్తున్నారు. మా ఆయన అటు చూడను కూడా చూడలేదు. నాకు అంత భయపడ్డాడు ఆ రోజు. బావి ముందర ఎత్తు జాగాలో మా అవ్వ బండ కనపడింది. నల్లగా, ఒక అంచు అరిగి, పక్కన ఒండ్రుతో నిండిన గుంటతో. ఇది మాత్రం అదే. గుంటలోని మట్టి చేత్తో తీసి చూశాను, అడుగున రోకలి దెబ్బల నునుపు తగిలింది.

బండ మీద కూర్చున్నాను. ఎండకు కాలుతున్నా లేవలేదు. ఈ ఒక్క చోటి కోసం ఎన్నేళ్ళు కుమిలానో, ఆ చోట్లో కూర్చుని అవ్వను తలచుకున్నాను. ఒక్క చుక్క కన్నీరు రాలేదు. నా దగ్గరున్న ఏడుపంతా, ఎవరో కాపలావాడి గుడిసె ముందరి బండ మీద ఐదారేళ్ళ కిందటే ఏడ్చేశాను.